ఒక్క రాష్ట్రమూ గెలవని రెండు కోట్ల ఓట్లు

1992 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ బుష్, డెమొక్రాట్ క్లింటన్‌ల మీద టెక్సాస్ వ్యాపారి రాస్ పెరో స్వతంత్రుడిగా దిగారు. జూలైలో బరి నుంచి తప్పుకుని, అక్టోబరులో మళ్లీ వచ్చారు! అంత ఊగిసలాడిన మనిషికీ దాదాపు 19 శాతం ఓట్లు పడ్డాయి. ఎందుకు? పెద్ద పార్టీలు దాటవేస్తూ వచ్చిన బడ్జెట్ లోటును ఆయన పట్టుకున్నారు. సొంత డబ్బుతో టీవీలో అరగంట చొప్పున సమయం కొని, చార్టులు చూపిస్తూ లెక్కలు విప్పి చెప్పారు. అంతకన్నా ముఖ్యం, మూడు టీవీ చర్చల్లోనూ ఆ ఇద్దరి సరసన కనిపించారు. అసలు కీలకం అదేనని నేననుకుంటాను. సరసన కనిపించినవాణ్ణే జనం పోటీదారుగా లెక్కేస్తారు. 1996లో ఆయన్ని చర్చలకు పిలవలేదు. ఓట్లు సుమారు 8 శాతానికి పడిపోయాయి. ఇంతకీ 1992లో అన్ని ఓట్లు పడినా ఏ రాష్ట్రంలోనూ మొదటి స్థానం రాలేదు. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ మొదటి స్థానం వచ్చినవారికే అధ్యక్షుణ్ణి నిర్ణయించే ఎలక్టోరల్ ఓట్లన్నీ దక్కుతాయి కాబట్టి, ఆయనకు అలాంటి ఓటు ఒక్కటీ దక్కలేదు.