తీగల కింద అయస్కాంతం – ఇంట్లో జాగ్రత్తలు

(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి మాట్లాడవలసిన వేదిక మీద గిటార్ గురించి మాట్లాడతానంటే మీలో కొందరు నవ్వుకున్నారు. నవ్వండి, తప్పులేదు. కానీ ఇవాళ మన మనవలు గిటార్ నేర్చుకుంటున్నారు. దాని శబ్దం తగ్గిందని, పికప్‌కు మళ్లీ అయస్కాంత శక్తి ఎక్కిస్తామని బలమైన అయస్కాంతాలు పార్సిల్లో తెప్పించుకుంటున్నారు. ఆ పొట్లం విప్పే ఇంట్లోనే గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్న తాత ఉండవచ్చు. కనుక ఇది మన సంఘం విషయమేనని నా మనవి.

పికప్ అంటే ఏమిటి? మనం తొక్కిన సైకిళ్లకు డైనమో ఉండేది గదా, ఇది దానికి తమ్ముడు. డైనమోలో అయస్కాంతం తిరుగుతుంది, ఇక్కడ అయస్కాంతం కదలదు, పైన ఉక్కు తీగ కదులుతుంది. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ కొన్ని వేల చుట్లు ఉంటుంది. ఉక్కు తీగ కంపించినప్పుడల్లా ఆ చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. ఆంప్లిఫయర్ దాన్ని పెంచి వినిపిస్తుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. హైస్కూల్లో ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాడిని, పాఠం పొడిగించే అలవాటు పోలేదు, క్షమించాలి.

ఇది పాశ్చాత్యుల వాయిద్యం, మనకెందుకు అనేవారికి ఒక్క మాట. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి లోకాన్ని మెప్పించాడు. నాలుగు జతల తీగలు తీసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో 45 ఏళ్లకే పోయాడు. గమకం సాగదీసినా వినిపించేటట్లు చేసినది ఆ ఎలక్ట్రిక్ ఏర్పాటే. కనుక పిల్లవాణ్ణి కోప్పడకండి.

అయితే శబ్దం తగ్గిందనగానే అయస్కాంతం మీద నింద వేయకూడదు. చాలామట్టుకు దోషం వైరుది, టంకం ఊడినది, వాల్యూమ్ నాబ్‌లో చేరిన దుమ్ముది. పికప్‌లో సాధారణంగా వాడేది అల్నికో – అల్యూమినియం, నికెల్, కోబాల్ట్, ఇనుము కలిసిన లోహం. దానంతట అది ఏళ్ల తరబడి శక్తి కోల్పోదు. బాగా వేడెక్కినా, మరో బలమైన అయస్కాంతానికి ఎదురుపడినా తగ్గుతుంది. ముందు మిగతావన్నీ చూసి, అప్పుడే దాని జోలికి పోవాలి.

ఇక ఎక్కించే పద్ధతి. రెండు నియోడిమియం పలకలను బెంచి వైస్ దవడలకు చెరొకటి, విరుద్ధ ధ్రువాలు ఒకదానికొకటి ఎదురయ్యేటట్లు అంటిస్తారు. మధ్యలో చెక్కముక్క ముందే పెట్టాలి. లేకపోతే రెండూ ఎగిరి కొట్టుకుంటాయి. గిటార్‌ నుంచి విప్పిన పికప్ ధ్రువాలు ఏ వైపున్నాయో దిక్సూచితో చూసి, చీటీ అంటించాలి. తర్వాత చెక్క తీసి, అదే దిశలో పికప్‌ను ఆ సందులో నుంచి తిప్పకుండా నిదానంగా ఒకటి రెండుసార్లు జరుపుతారు. అంతే. దిశ తారుమారైతే పక్క పికప్‌తో కలిపి వాయించినప్పుడు శబ్దం పలచబడుతుంది.

ఇప్పుడు అసలు మాట. నియోడిమియం అయస్కాంతాలు 1980లలో వచ్చినవి. మనం బడిలో చూపించిన లాడపు అయస్కాంతంతో వీటికి పోలికే లేదు. రెండింటి మధ్య వేలు పడితే నలుగుతుంది. గాజులా పెళుసు, కొట్టుకుంటే పెచ్చులు కంటికి ఎగురుతాయి. కళ్లద్దాలు, చేతికి మందపాటి గ్లౌజులు తప్పనిసరి. కోయడం, రంధ్రం వేయడం వద్దు, ఆ పొడి అంటుకుంటుంది. మన కడప ఎండకు ఏమీ కాదు గానీ, 80 డిగ్రీలు దాటితే మామూలు రకాలు శక్తి పోగొట్టుకుంటాయి.

పేస్‌మేకర్ దగ్గరికి అయస్కాంతం వస్తే అది గుండె వేగాన్ని గమనించడం మాని, ఒకే లెక్కన కొట్టడం మొదలుపెడుతుంది. షాకు ఇచ్చే రకం యంత్రమైతే, అవసరమైనప్పుడు షాకు ఇవ్వకుండా ఊరుకుంటుంది. అయస్కాంతం దూరం జరిగితే మామూలుగా సర్దుకుంటుంది, కానీ ఆ కొద్దిసేపే ప్రమాదం. మామూలు సెల్‌ఫోన్లనే 6 అంగుళాల దూరంలో ఉంచమని అమెరికా ఎఫ్.డి.ఎ. 2021లో చెప్పింది. వైస్‌కు అంటించే పలకలు అంతకన్నా ఎంతో బలమైనవి. ఆ పని జరిగే గదిలోకి పేస్‌మేకర్ ఉన్నవారు అసలు పోవద్దు. చొక్కా పై జేబులో అలాంటి అయస్కాంతం ఎవరూ పెట్టుకోవద్దు. వినికిడి యంత్రం, పెన్షన్ తీసుకునే ఎ.టి.ఎం. కార్డు, చేతి గడియారం కూడా పక్క గదిలోనే ఉంచండి.

చిన్నపిల్లల సంగతి ఇంకా ముఖ్యం. గోళీల వంటి చిన్న అయస్కాంతాలు రెండు మింగితే, పేగుల్లో వేర్వేరు మడతల నుంచి ఒకదానినొకటి లాక్కొని పేగుకు బొక్క పడుతుంది. రూపాయి బిళ్ల మింగినప్పటి మాదిరి అరటిపండు తినిపించి, రేపు పడిపోతుందిలే అని కూర్చోవద్దు. నోటికి ఏమీ పెట్టకుండా వెంటనే ప్రొద్దుటూరో, కడపో తీసుకుపోయి ఎక్స్‌రే తీయించండి. మింగినది అయస్కాంతమని డాక్టరు గారికి ముందే చెప్పండి, ఎక్స్‌రేలో అది ఉత్త ఇనుప గుండులాగే కనిపిస్తుంది.

పని ముగిశాక రెండు పలకల మధ్య చెక్క పెట్టి, గుడ్డ చుట్టి, చెక్కపెట్టెలో వేసి అటక మీద ఉంచండి. పెట్టె మీద ‘అయస్కాంతం’ అని పెద్ద అక్షరాలతో రాయండి. బీరువాలో మాత్రం పెట్టకండి, అది ఇనుముది, అంటుకున్నాక ఊడదీయడం మన వయసు వాళ్ల పని కాదు.