పాత పికప్పు ట్రక్కుకు పవర్ స్టీరింగు

1953లో అమెరికాలో ఫోర్డు సంస్థ వెలువరించిన ఎఫ్-100 పికప్పు ట్రక్కు నేటికిని అభిమానుల ఆదరమునకు పాత్రమై యున్నను, నిలిచిన చోట దాని చక్రములను మరల్చుటకు చోదకుడు భుజబలమంతయు వినియోగింపవలసి వచ్చును. ఈ శ్రమను తగ్గించు ద్రవపీడన విధానమును ఫ్రాన్సిస్ డేవిస్ అను అమెరికను ఇంజనీరు 1920ల దశకముననే రూపొందింపగా, 1951లో క్రైస్లరు ఇంపీరియల్ కారుతో అది విపణికి వచ్చెను.

ఇంజను బెల్టుచే తిరుగు పంపు, నూనెను అధికపీడనముతో గొట్టములగుండ స్టీరింగు గేరుబాక్సులోనికి పంపగా, అందలి పిస్టను ఆ పీడనముచే కదలి చోదకుని చేతికి సాయపడును. కావున దీనిని పాత బండికి అమర్చువారు పంపును, గొట్టములను, క్రొత్త గేరుబాక్సును సమకూర్చుకొనుటతోనే తృప్తిపడక, ఆ బాక్సును మోయు ఛాసిస్ భాగమున పగుళ్లు లేవని నిర్ధారించుకొని, దానిని దృఢముగ బిగించి, స్టీరింగు కడ్డీ ఇంజనునకు తగులకుండను, చక్రములు పూర్తిగా తిరుగునప్పుడు గొట్టములు ఒరయకుండను చూడవలయును. పిదప ముందు చక్రములను నేలనుండి యెత్తి, ఇంజను ఆపియుంచి, స్టీరింగును ఇరుకొసలవరకు మెల్లగా త్రిప్పుచు నూనెలోని గాలిని వెడలింపవలెను.

అరిగిన కింగ్‌పిన్నులను, వదులైన కీళ్లను పవర్ స్టీరింగు మరుగుపరచునే కాని బాగుచేయజాలదు. కనుక వానిని ముందుగా మార్పించుకొనుడని నా విజ్ఞప్తి.