పెరట్లో మొలిచింది వేపేనా?

పెరట్లో గోడవార ఎవరూ నాటని మొక్క ఒకటి లేచింది. ఆకు చూస్తే వేపలా ఉంది. వేపేనా? పిట్టలు పండు తిని గింజ వదిలితే వేప మొలుస్తుంది, నిజమే. వేపను పోలిన కొండవేప కూడా అలాగే మొలుస్తుంది. కొన్నిచోట్ల దీన్నే తురకవేప అంటారు.

రెమ్మను మొదలు నుంచి పట్టి చూడండి. వేపలో ఒకటే ఈనె. దానికి అటూ ఇటూ ఆకులు, కొడవలిలా వంగి, అంచున రంపపు పళ్లతో. కొండవేపలో ఆ ఈనె మళ్లీ చిన్న ఈనెలుగా చీలుతుంది. ఆకులుండేది వాటికే. మళ్లీ చెబుతున్నాను: ఈనె చీలకపోతే వేప, చీలితే కొండవేప. మరీ లేత మొక్కైతే తొందరపడకండి, కాస్త ఎదగనివ్వండి.

పూస్తే ఇక సందేహమే లేదు. వేపపూత తెలుపు. కొండవేపది లేత ఊదా, పువ్వు నడుమ ముదురు ఊదా గొట్టం. దాని కాయలు గుండ్రంగా ఉంటాయి. ఆకంతా రాలినా గుత్తులుగా కొమ్మలకే వేలాడతాయి. చూడముచ్చటగా ఉంటాయి, కానీ విషం. పిల్లల్ని వాటి జోలికి పోనివ్వకండి. ఉగాది పచ్చడికి పెరట్లో చెట్టు పూత కోసేముందు రంగు చూడండి, ఈనె చూడండి.