నడక వచ్చిన బిడ్డ ఇంట్లో వుంటే
(ఆరోగ్య కేంద్రంలో దంపతుల సమావేశంలో హెల్తు ఎడ్యుకేటరు చేసిన ప్రసంగం)



పోయిన సమావేశంలో నేను మాట్లాడుతుండగా ఒక చిన్నవాడు ఈ బల్ల దగ్గరకు వచ్చాడు. ఏడాదిన్నర వుంటుంది. ముందు నా కళ్ళజోడు పెట్టె లాగాడు. మూత తీశాడు, మూశాడు, మళ్ళీ తీశాడు. తరవాత మీకు చూపిద్దామని తెచ్చిన నిరోధ్ పొట్లం అందుకొని నోట్లో పెట్టుకున్నాడు. మీరంతా నవ్వారు, నేనూ నవ్వాను. వాళ్ళమ్మ మాత్రం సిగ్గుపడి పరుగున వచ్చి వాడి వీపు మీద ఒక్కటి వేసింది. "వీడితో వేగలేక చస్తున్నానండీ" అంది. ఆమెకు అప్పటికే మళ్ళీ నాలుగో నెల. ఆ సంగతి సమావేశం అయ్యాక చెప్పింది. ఆమె సరేనన్న మీదటే మీతో చెబుతున్నాను. ఇవాళ చార్టులు పక్కన పెట్టి ఆ చిన్నవాడి గురించే మాట్లాడుకుందాం.

వాడు చేసింది అల్లరి కాదు. ఆ వయసు బిడ్డ చేతితో, నోటితో చదువుకుంటాడు. గిన్నె కింద పడేస్తే చప్పుడవుతుందని మనకు తెలుసు, వాడికి తెలియదు. ఒకసారి పడేసి చూస్తాడు. ప్రతిసారీ అలాగే అవుతుందా అని పదిసార్లు పడేస్తాడు. మేము కాలేజీలో ప్రయోగశాలలో చేసిన పని కూడా అదే. మాకు మార్కులు వేశారు, వీడికి దెబ్బలు వేస్తున్నాం. రెండేళ్ళు నిండేసరికి బిడ్డ మెదడు పెద్దవాళ్ళ మెదడులో దాదాపు నాలుగింట మూడు వంతులకు ఎదుగుతుంది. ఆ ఎదుగుదలకు తిండి కావాలి, మాట కావాలి, పక్కన ఒక మనిషి కావాలి. "ఇదేమిటి?" అని వేలు చూపిస్తే "అది కాకి" అని చెప్పే మనిషి.

అయితే ఈ చదువులో ప్రమాదం కూడా వుంది. మన ఇళ్ళు పెద్దవాళ్ళ ఎత్తుకు కట్టుకున్నవి. వాడి ఎత్తుకు కూర్చుని ఒకసారి చూడండి. కుడితి గోలెం వాడి ఛాతీ దాకా వుంటుంది. వంగితే తల బరువుకు ముందుకు పడతాడు, తిరిగి లేవలేడు. బకెట్లో జానెడు నీళ్ళున్నా చాలు. కూల్‌డ్రింకు సీసాలో పోసి వుంచిన పురుగుమందు వాడికి కూల్‌డ్రింకే. దయచేసి మందును తాగే సీసాల్లో పోయకండి. మందు డబ్బా అటక మీద, తాళం వేసిన పెట్టెలో వుండాలి. పొరపాటున తాగితే వేలు పెట్టి వాంతి చేయించవద్దు, ఉప్పు నీళ్ళు పట్టవద్దు. 108కి ఫోను చేసి, ఆ సీసాను కూడా వెంట తీసుకొని ఆస్పత్రికి రండి. వేరుశెనగ పలుకులు, చింతగింజలు, రూపాయి బిళ్ళలు గొంతుకు అడ్డం పడతాయి. ఈ మధ్య సెల్‌ఫోను ఛార్జరు ఒకటి కొత్తగా చేరింది. గోడకు తగిలించి వదిలేస్తాం, వైరు చివర వాడి నోట్లో వుంటుంది.

ఇదంతా పుస్తకం చదివి చెబుతున్నాననుకోకండి. మా అమ్మాయికి పదిహేడో నెలలో మా ఇంట్లోనే టీ గ్లాసు లాగి చేతి మీద పోసుకుంది. నేను నాలుగడుగుల దూరంలో కూరగాయలు తరుగుతున్నాను. కంగారులో మా ఆయన టూత్‌పేస్టు రాశారు. అలా రాయకూడదు. సిరా, నెయ్యి, పేడ కూడా రాయకూడదు. కాలిన చోట మామూలు చల్లని నీళ్ళు ఇరవై నిమిషాలు ధారగా పోయాలి, శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురావాలి. నాకు అది తెలుసు. తెలిసి కూడా ఐదు నిమిషాల దాకా గుర్తు రాలేదు. మచ్చ ఇప్పటికీ వుంది.

ఒక్క బిడ్డ వున్న ఇంట్లో, తల్లికి నడుము నొప్పి కూడా లేని రోజున జరిగిన సంగతి అది. ఇప్పుడు ఆ తల్లికి మూడో నెల వేవిళ్ళు అనుకోండి. తల ఎత్తితే తిప్పుతుంది, పడుకుంటే చిన్నవాడు గుమ్మం దాటతాడు. లేదా ఒళ్ళో నెలబిడ్డ పాలు తాగుతోందనుకోండి. పెద్దవాడు పొయ్యి వైపు వెళుతుంటే "వద్దురా" అనడం తప్ప లేచి వెళ్ళలేదు. ఈ "పెద్దవాడి" వయసు ఏడాదిన్నర!

ఇంకొకటి. తల్లి నీళ్ళోసుకుందని తెలియగానే చాలా ఇళ్ళలో ఆ బిడ్డకు పాలు మాన్పించేస్తారు. కడుపుతో వున్న తల్లి పాలు బిడ్డకు పడవంటారు. అది నిజం కాదు. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప ఇవ్వవచ్చు, తల్లి మరికాస్త ఎక్కువ తినాలి. పాలు మాన్పించి నీళ్ళచారు అన్నం పెడితే ఏమవుతుందో ఆఫ్రికాలో సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ 1930ల్లో రాసింది. పాదాలు ఉబ్బి, జుట్టు ఎర్రబారి, నవ్వడం మానేసిన పిల్లలను ఆమె చూసింది. అక్కడి గా భాషలో ఆ జబ్బును క్వాషియోర్కర్ అంటారు. వెనక ఇంకో బిడ్డ పుట్టి చోటు పోయిన బిడ్డకు వచ్చే జబ్బు అని ఆ మాటకు అర్థం. అక్కడి తల్లులు కారణం తెలుసుకునే ఆ పేరు పెట్టారు చూడండి. ఆరు నెలలు నిండిన దగ్గర నుంచి మెత్తటి పప్పన్నం, నెయ్యి, గుడ్డు, అరటిపండు, ఆకుకూర పెట్టాలి. పొట్ట చిన్నది కాబట్టి రోజుకు నాలుగైదుసార్లు పెట్టాలి. తల్లిపాలు రెండేళ్ళ దాకా ఇవ్వాలి.

మరి ఎంత ఎడం వుండాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణులు 2005లో కూర్చుని చెప్పింది ఇది: కాన్పు అయ్యాక కనీసం రెండేళ్ళు ఆగి, ఆ తరవాతే మళ్ళీ గర్భం. అంటే బిడ్డకూ బిడ్డకూ మధ్య దాదాపు మూడేళ్ళు. తల్లికి రక్తం పుంజుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

"పాలిస్తున్నాను కదా, నాకెందుకు వస్తుంది?" అని మీలో చాలామంది అడుగుతారు. బిడ్డకు ఆరు నెలలు నిండకుండా వుండాలి, పగలూ రాత్రీ తల్లిపాలే తప్ప వేరే ఏదీ పట్టకూడదు, ముట్లు మొదలై వుండకూడదు. ఈ మూడూ వుంటేనే ఆ ధీమా. ఒక్కటి తప్పినా ధీమా లేదు. ముట్టు రాకముందే గర్భం నిలవవచ్చు కూడా. ఆ చిన్నవాడి తల్లికి జరిగింది అదే.

సాధనాల గురించి వివరంగా మా ఎ.ఎన్.ఎం. అమ్మ విడివిడిగా చెబుతుంది. నేను పాలిచ్చే తల్లుల వరకు చెబుతాను. కాపర్-టి కాన్పయిన 48 గంటల లోపు గానీ, ఆరు వారాల తరవాత గానీ వేయించుకోవచ్చు. ఐదేళ్ళది, పదేళ్ళది వుంటాయి. బిడ్డ కావాలనుకున్నప్పుడు తీయించేయవచ్చు. మొదటి కొన్ని నెలలు ముట్టు కాస్త ఎక్కువగా అవుతుంది, అది ముందే చెబుతున్నాను. అంతర ఇంజెక్షను మూడు నెలలకొకసారి. దానితో ముట్లు తప్పవచ్చు, మానేశాక గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు. ఛాయ బిళ్ళ మొదటి మూడు నెలలు వారానికి రెండు, తరవాత వారానికి ఒకటి. మాలా-ఎన్ మాత్రం పాలిచ్చే తల్లులు ఆరు నెలల దాకా వాడకూడదు. ఇవన్నీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. ఎవరికి ఏది సరిపడుతుందో పరీక్ష చేసే చెబుతారు, బలవంతం లేదు.

అయ్యలారా, మీరు వెనక వరుసలో గోడకు ఆనుకుని వింటున్నారు. నిరోధ్ మీ చేతిలోని పని. పిల్లలు ఇక చాలనుకున్నవాళ్ళకు కోత, కుట్టు లేని వేసెక్టమీ వుంది. అది చేయించుకుంటే బలం పోదు, పొలం పనికి అడ్డం రాదు. చేశాక మూడు నెలలు నిరోధ్ వాడి, పరీక్ష చేయించుకుంటే సరి. సాయంత్రం వంట వేళ అరగంట చిన్నవాడిని ఎత్తుకుని వీధి అరుగు మీద కూర్చోండి. కాలినగాయాలకు దానికి మించిన మందు నాకు తెలియదు.

ఆ చిన్నవాడి తండ్రి మొన్న కేంద్రానికి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, "కాన్పు కాగానే వేస్తారటగా అండీ, ఆస్పత్రిలో ముందే చెప్పాలా?" అని అడిగాడు. చెప్పాలి, ఇప్పటి నుంచే కార్డు మీద రాయిస్తే మంచిది అన్నాను. రాయించుకుని వెళ్ళాడు. వాడు భుజం మీదే వున్నాడు. నా కలం వాడి చేతిలోనే వెళ్ళిపోయింది.