కంటి లోపలి నీరు, ఒంట్లో హార్మోన్లు



హైటెక్ సిటీలో గంటల తరబడి తెర ముందు పనిచేసే మన పిల్లలు కళ్లు ఎర్రబడితే మందుల షాపులో చుక్కలు కొని వేసుకుంటారు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఏమవుతుంది?

కంటి లోపల ఒక నీరు నిరంతరం ఊరుతుంది. అది కన్నీరు కాదు. పగలు నిమిషానికి సుమారు 2.5 మైక్రోలీటర్లు, నిద్రలో దాదాపు సగం. పగటి ఊటను పెంచేది అడ్రినలిన్ హార్మోన్. టిమోలాల్ చుక్కలు దాన్ని అడ్డుకుని పీడనం తగ్గిస్తాయి.

ఊరిన నీరు జల్లెడలాంటి కణజాలం గుండా బయటికి పోవాలి. ఒంట్లోని కార్టిసాల్ హార్మోన్‌కు స్టెరాయిడ్ మందు దగ్గరి చుట్టం. వారాల తరబడి వాడితే కొందరిలో ఆ దారి బిగుసుకుంటుంది. సాధారణంగా 10–21 మిల్లీమీటర్లుండే పీడనం పెరిగి, నొప్పి లేకుండానే కంటి నరం దెబ్బతింటుంది. అదే గ్లకోమా, మన మాటలో నీటికాసులు. పోయిన చూపు తిరిగి రాదు.

1996–2000లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ జరిపిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనంలో, గ్లకోమా ఉన్నవారిలో చాలామందికి ఆ సంగతే తెలియదని తేలింది.

శుక్లాల ఆపరేషన్లకు ఇచ్చే చేయి పీడన పరీక్షలకూ ఇవ్వండి. డాక్టరు రాసిన చుక్కలను సొంతంగా ఆపవద్దనీ, రాయనివి వేసుకోవద్దనీ ముందు మన ఇళ్లలోనే చెప్పండి.