రెండో భాష, రెండో లైను

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

అందరికీ పనికొచ్చే విషయం ఏదైనా మాట్లాడమని మన సంఘం వాళ్లు అడిగారు. నేను కరెంటు లైన్లతో బతికిన ఇంజనీరును, డాక్టరును కాను. అయినా ఈ రోజు మతిమరుపు జబ్బు గురించి మాట్లాడతాను. కారణం మా అమ్మ.

అమ్మ బడికి పోలేదు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఉర్దూ. కూరగాయల బండి దగ్గర బేరం, పక్కింటి ఖాలాతో కష్టసుఖాలు అన్నీ ఉర్దూలోనే. ఉప్పుగూడ, ఛత్రినాక, లాల్‌దర్వాజా గల్లీల్లో అదొక గొప్ప అని ఎవరూ అనుకోరు. మనమూ అంతే కదా, తరగతిలో తెలుగు, ఆటలో ఉర్దూ.

ఈ మామూలు సంగతినే మన నగరంలో డాక్టర్లు పరిశోధించారు. పంజాగుట్ట నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఉన్న 648 మంది వివరాలు పరిశీలించింది. వారిలో 391 మంది రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష వచ్చినవారి కంటే వీరిలో జబ్బు లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురాని వారిలోనూ ఆ తేడా కనిపించింది. 2013లో ‘న్యూరాలజీ’ అనే పత్రిక దీన్ని ప్రచురించింది. అంతకుముందు కెనడాలో ఇలాంటి ఫలితమే వచ్చినా, అక్కడ రెండు భాషల వారిలో చాలామంది వలస వచ్చినవారు. తేడా భాషదా, వలసదా అన్న అనుమానం ఉండేది. మన దగ్గర రెండు భాషలకు వలస అక్కర్లేదు, గల్లీ చాలు.

ఇది ఎలా పనిచేస్తుందో నా భాషలో చెబుతాను. ఒక ఫీడర్ దెబ్బతింటే రెండో లైను మీద కరెంటు ఇస్తాం. బల్బు వెలుగుతూనే ఉంటుంది. కానీ దెబ్బతిన్న లైను బాగుపడినట్టు కాదు. మెదడులోనూ జబ్బు లోపల సాగుతూనే ఉంటుంది, మనిషి మాత్రం ఇంకొన్నేళ్లు నెట్టుకొస్తాడు. పైగా ఇలాంటి పరిశోధన సంబంధాన్ని చూపిస్తుందే గానీ భాషే కారణమని పూర్తిగా రుజువు చేయదు. జబ్బు రాదని అసలే చెప్పదు.

రెండు భాషల మా అమ్మకూ ఆ జబ్బు వచ్చింది. “తాళమేసినవా బిడ్డా?” అని ఒక్క రాత్రిలో నాలుగుసార్లు అడిగేది. “వయసైపోయింది, గట్లనే ఉంటది” అని నేను మా ఆవిడతో అన్నాను. వెనక నుంచి పిలిస్తే పలికేది కాదు, టీవీ సౌండు పెంచేది. దాన్నీ చాదస్తమే అనుకున్నాను. అలా రెండేళ్లు పోయాయి. ట్రాన్స్‌ఫార్మర్ శబ్దంలో చిన్న తేడా వస్తే అర్ధరాత్రి పరుగెత్తే మనిషిని, అమ్మ మాటలో తేడా వింటూ కూర్చున్నాను. చివరికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన ముందుగా అడిగింది చెవుల గురించే.

ఎందుకంటే వినికిడి లోపం కూడా ఈ జబ్బు ముప్పును పెంచుతుంది. మనం మార్చగలిగిన 14 కారణాలను సరిచేస్తే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను ఆపడమో, వాయిదా వేయడమో చేయవచ్చని 2024లో లాన్సెట్ కమిషన్ లెక్కగట్టింది. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, పొగతాగడం, చూపు మందగించడం, ఒంటరితనం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మతిమరుపు ప్రతిసారీ ఈ జబ్బే కానక్కర్లేదు. థైరాయిడ్ తేడా వల్ల, బి12 తగ్గడం వల్ల, దిగులు వల్ల కూడా వస్తుంది. వీటికి మందుంది. ఆ సంగతి పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.

ముందే వెళ్లి ఉంటే అమ్మ బాగయ్యేదని నేను అనను. కానీ చెవి మిషన్ రెండేళ్ల ముందు వచ్చేది. ఆ రెండేళ్లు అమ్మ మా మాటలు విని ఉండేది. ఇప్పుడు అమ్మ లేదు. అందుకే ఇది మీకు చెబుతున్నాను.

మిత్రులారా, ఇంట్లో పెద్దవాళ్లు అడిగిందే అడిగితే విసుక్కోకండి, డాక్టరుకు చూపించండి. చెవి, కన్ను, బీపీ, షుగరు పరీక్షలు వాళ్లకే కాదు, యాభై దాటిన మనకూ కావాలి. మీ పిల్లలతో తెలుగు మాట్లాడండి, గల్లీలో ఉర్దూ మాట్లాడనివ్వండి.

ఇంకొక్క మాట. మన సార్లు, టీచర్లు చాలామంది ఇప్పుడు ఇళ్లలో ఒంటరిగా ఉన్నారు. ప్రతి బ్యాచీ ఇద్దరు గురువుల బాధ్యత తీసుకుని, నెలకోసారి వెళ్లి గంటసేపు కూర్చుని ముచ్చట పెట్టాలని సంఘాన్ని కోరుతున్నాను.

గురువులారా, రోజూ మా పేర్లు పిలిచి హాజరు వేశారు. ఇక మీ గుమ్మం ముందుకొచ్చి “హాజర్ సార్” అనే వంతు మాది. మా పేరు గుర్తురాకపోయినా పర్వాలేదు, మేమే చెబుతాం.