తైలవర్ణాల్లో సైకిల్ పందెం
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందిమి క్యారేజీ హ్యాండిల్‌కు తగిలించుకుని సైకిల్ మీదే ఆఫీసుకు వెళ్ళినవాళ్ళం. రిటైరయ్యాక నేను తైలవర్ణ చిత్రాలు వేయడం మొదలుపెట్టాను. కదలని గుడ్డ మీద సైకిల్ వేగాన్ని ఎలా చూపించాలి? ఇదే నన్ను పట్టుకున్న ప్రశ్న.

దీనికి జవాబు చెప్పే పాత చిత్రాలు రెండున్నాయి. ఫ్రాన్సు చిత్రకారుడు జాఁ మెట్జింజె 1912లో పారిస్-రూబే పందెం ముగింపును చిత్రించాడు. రంగులో ఇసుక కలిపాడు. సైక్లిస్టు తలలోంచి వెనకనున్న జనం కనిపిస్తారు! ఇటలీ చిత్రకారుడు ఉంబెర్టో బొచ్చోనీ 1913లో వేసిన 'సైక్లిస్టు చలనశక్తి'లో మనిషిని, సైకిల్‌ను, గాలిని విడదీసి చూడలేం. అన్నీ వంపులు, కోణాలుగా ముందుకు దూసుకుపోతాయి.

కిటుకు ఇదే. చక్రంలో ప్రతి పుల్లా వేస్తే సైకిల్ ఆగిపోతుంది. మనిషికీ గాలికీ మధ్య అంచు చెరిపితే కదులుతుంది. నూనె రంగు త్వరగా ఆరదు కనుక, పచ్చిగా ఉండగానే అంచులు కలిపేయవచ్చు. వేగాన్ని చూపడానికి నిదానమైన రంగే అక్కరకొచ్చింది.

వేగాన్ని అంతగా ప్రేమించిన బొచ్చోనీ 1916లో సైనిక శిక్షణలో గుర్రం మీదనుంచి పడి, 33వ ఏటనే కన్నుమూశాడు. ఆయనకు దక్కని ఏళ్ళు మనకు దక్కాయి. డెబ్బై దాటిన నా చెయ్యి కాస్త వణుకుతుంది. అయినా కుంచె వదలలేదు. మీరూ మీకిష్టమైనదేదో ఈ నెలలోనే మొదలుపెట్టండి.